ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత ప్లేలిస్టులు ఖాళీ: ఎం3యూ8 ఫైళ్ళు కార్డులోనే ఉన్నాయి, పాటలు రావట్లేదు

స్వరపేటిక | శుక్రవారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. మొన్న బుధవారం నా పోర్టబుల్ ప్లేయర్‌కి కొత్త ఫర్మ్‌వేర్ (దాన్ని లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వేశాను. అప్‌డేట్ సాఫీగానే అయింది. ప్లేయర్ మామూలుగా ఆన్ అవుతోంది, ఫోల్డర్లలోకి వెళ్ళి ఏ పాట నొక్కినా మోగుతోంది. పోయినవల్లా ప్లేలిస్టులే. మొత్తం 43. పేర్లు 43 కనిపిస్తున్నాయి. తెరిస్తే చాలావాటిలో "0 పాటలు" అని వస్తోంది. కొన్నిటిలో పాటలున్నాయి కానీ లెక్క తగ్గింది. పొద్దున నడకకి పెట్టుకున్న లిస్టులో 31 ఉండాలి, 30 చూపిస్తోంది.

వీటన్నిటిలో నా దిగులు ఒక్కదాని గురించే. దాని పేరు "నాన్న". అందులో 118 ఆలాపనలు ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని, ఆయన చెప్పిన వరుసలో ఒక్కొక్కటే చేర్చాను. ఏ రాగం తర్వాత ఏది వినాలో ఆయనకి ఒక లెక్క ఉంది. చూపు తగ్గింది కాబట్టి స్క్రీన్ చదవలేరు. బటన్ తడిమి చూసుకుని తర్వాతదానికి వెళ్తారు, అంతే. నిన్న రాత్రి అలా నొక్కుకుంటూ వెళ్ళి "మోహన తర్వాత భైరవి రావాలి కదా, ఏది?" అని అడిగారు. చూస్తే 118కి 107 ఉన్నాయి. పదకొండు లేవు.

కంపెనీ పేరు రాయడం లేదు, దానితో పని లేదనుకుంటున్నాను. కార్డు 128 జీబీ. సుమారు 6,000 ఫైళ్ళు, ఎక్కువ ఫ్లాక్ (నాణ్యత తగ్గని రకం), మిగతావి ఎంపీ3. ప్లేలిస్టులన్నీ ఎం3యూ8. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే సరవుతుందా?

బోల్టు_నట్టు | శుక్రవారం, రాత్రి 10:31

రీసెట్ జోలికి వెళ్ళకండి. ముందు కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి, ప్లేలిస్టుల ఫోల్డరు మొత్తం వేరే చోటికి కాపీ చేసుకోండి. మిగతా పనులన్నీ ఆ తర్వాత.

కొలిమి | శుక్రవారం, రాత్రి 10:58

పైన బోల్టు గారు చెప్పింది చేసేశాక నాలుగు సంగతులు చెప్పండి. పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మధ్యలో ఏం మారిందని కంపెనీవాళ్ళు రాశారు? ఆ ఎం3యూ8 ఫైళ్ళు ఏ ప్రోగ్రాంతో తయారు చేశారు? ఖాళీగా వస్తున్న ఒక లిస్టునీ, పదకొండు తగ్గిన నాన్నగారి లిస్టునీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి నాలుగైదు వరుసలు ఇక్కడ పెట్టగలరా? చివరిది, అప్‌డేట్‌తో పాటు ఇంకేమైనా మార్చారా? ఏ చిన్నదైనా సరే.

మీవాటిలో కనీసం రెండు వేర్వేరు జబ్బులున్నాయని నా అనుమానం. మొత్తం పోయిన లిస్టూ, ఒక్క పాట తగ్గిన లిస్టూ ఒకే కారణంతో పాడవ్వవు.

రేడియోగది | శుక్రవారం, రాత్రి 11:20

ఇందుకే నేను ఏ ప్లేయర్‌కీ అప్‌డేట్ చెయ్యను. బాగా పనిచేస్తున్నదాన్ని కదిలించకూడదు.

చిప్పుల_చిన్ని | శుక్రవారం, రాత్రి 11:37

@రేడియోగది గారూ, అన్ని సందర్భాల్లో అలా కుదరదండి. 32 జీబీ దాటిన కార్డులు కొన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతితో వస్తాయి. నా ప్లేయర్ మొదట్లో ఫ్యాట్32 తప్ప ఇంకోటి చదివేది కాదు, అప్‌డేట్ వేశాకే పెద్ద కార్డు పట్టుకుంది. ఓపస్ ఫైళ్ళు మోగడం కూడా అలాగే వచ్చింది. నాకు కావలసింది ఆ వెర్షన్‌లో ఉందా లేదా చూసుకుని, ఉంటేనే వేస్తాను. ఊరికే కొత్తదని మాత్రం వెయ్యను.

స్వరపేటిక | శనివారం, ఉదయం 7:05

కాపీ చేసుకున్నాను. అందరికీ ధన్యవాదాలు.

@కొలిమి గారూ, మార్పుల జాబితాలో మూడే వరుసలున్నాయి: ఎక్స్‌ఫ్యాట్ కార్డులు చదువుతుంది, లైబ్రరీ స్కాన్ వేగం పెరిగింది, "ప్లేలిస్టు అనుకూలత మెరుగుపరచబడింది". ఈ మూడోదేంటో వివరం ఎక్కడా లేదు.

ఖాళీగా వస్తున్నవాటిలో ఒకటి:

#ఎక్స్‌టీఎం3యూ
#ఎక్స్‌టీఇన్ఫ్:254,వేణువు - హంసధ్వని
ఈ:\సంగీతం\వేణువు\హంసధ్వని.ఎంపీ3
#ఎక్స్‌టీఇన్ఫ్:311,వేణువు - కానడ
ఈ:\సంగీతం\వేణువు\కానడ.ఎంపీ3

నాన్న లిస్టు:

#ఎక్స్‌టీఎం3యూ
../సంగీతం/ఆలాపనలు/హిందోళం 1.ఫ్లాక్
../సంగీతం/ఆలాపనలు/మోహన 2.ఫ్లాక్
../సంగీతం/ఆలాపనలు/భైరవి 1.ఫ్లాక్

మొదటి రకంవి కంప్యూటర్‌లోని మ్యూజిక్ ప్రోగ్రాం నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినవి, అలాంటివి 38 ఉన్నాయి. నాన్నదీ ఇంకో మూడూ నేను చేత్తో రాసినవి. నడక లిస్టు ఎవరో స్నేహితులు చేసిచ్చారు. దాని పైన #ఎక్స్‌టీఎం3యూ వరుస లేదు, మొదటి వరుసలోనే పాట ఉంది.

ఇంకేం మార్చానంటే, కార్డు మార్చాను. పాతది 32 జీబీ. ఎక్స్‌ఫ్యాట్ వచ్చిందని కొత్త 128 జీబీ కార్డు వేసి పాటలన్నీ మళ్ళీ ఎక్కించాను. ఇది ముందే చెప్పాల్సింది.

కొలిమి | శనివారం, ఉదయం 8:40

ఇప్పుడు దారి దొరికింది. ఒక్కొక్కటే చూద్దాం.

ఎం3యూ అంటే మామూలు టెక్స్ట్ ఫైలు, ఇందులో గూఢార్థం ఏమీ లేదు. ఒక్కో వరుసలో ఒక్కో పాట ఫైలు పాత్, అంటే ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చెప్పే దారి, ఉంటుంది. # తో మొదలయ్యే వరుసల్ని ప్లేయర్ పాటగా తీసుకోదు. #ఎక్స్‌టీఇన్ఫ్ పక్కన ఉన్న అంకె పాట నిడివి, సెకన్లలో. ఆ వరుసలు తీసేసినా పాటలు మోగుతాయి. ఎం3యూ8 కూడా ఇదే, కాకపోతే లోపలి అక్షరాలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ రాయగల పద్ధతి) ఉన్నాయని చివరనున్న 8 చెబుతుంది. దీనికి పుట్టుకలో గట్టి ప్రమాణ పత్రం ఏదీ లేదు, వాడుకలో స్థిరపడింది. అందుకే పాత్‌ని ఎలా అర్థం చేసుకోవాలో ఒక్కో ఫర్మ్‌వేర్ ఒక్కోలా అనుకుంటుంది.

మీ 38 లిస్టుల్లో "ఈ:\" అని డ్రైవ్ అక్షరం ఉంది. మీ కంప్యూటర్‌లో కార్డుకి ఆ రోజు వచ్చిన అక్షరం అది. ప్లేయర్ లోపల అలాంటి డ్రైవే ఉండదు. పాత ఫర్మ్‌వేర్ ఆ అక్షరాన్ని తీసేసి, మిగిలిన పాత్‌ని కార్డు రూట్ (అన్నిటికన్నా పై మెట్టు) నుంచి వెతికినట్టుంది. కొన్ని ఫర్మ్‌వేర్లు అలా చేస్తాయి, రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ కూడా చేస్తుంది. కొత్తది ఉన్నదున్నట్టు వెతికి, దొరక్క, పాటని వదిలేస్తోంది. "మెరుగుపరచబడింది" అన్న మాట వెనక ఉన్నది ఇదే అయ్యుంటుంది.

వైద్యం తేలిక. ప్లేలిస్టుల ఫోల్డరు కార్డు రూట్‌లో ఒక మెట్టు లోపల ఉంది కదా? అయితే "ఈ:\" ఉన్న ప్రతిచోటా "..\" పెట్టండి. రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకెక్కమని. నోట్‌ప్యాడ్++లో ఒక ఫోల్డరులోని ఫైళ్ళన్నిటిలోనూ ఒకేసారి వెతికి మార్చే సదుపాయం ఉంది, 38 ఫైళ్ళూ ఒక్క నిమిషంలో అయిపోతాయి. ముందు ఒక్కదాంట్లో మార్చి, ప్లేయర్‌లో మోగిందని చూసుకున్నాకే మిగతావి.

ఇకనుంచి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రిలేటివ్ పాత్ (డ్రైవ్ అక్షరం లేకుండా, లిస్టు ఉన్న చోటినుంచి చెప్పే దారి) ఆప్షన్ ఉందేమో చూడండి. మ్యూజిక్‌బీ, ఎంపీ3ట్యాగ్ రెండింటిలోనూ ఉంది.

నడక లిస్టుకీ, నాన్నగారి లిస్టుకీ ఇది వర్తించదు. వాటి సంగతి సాయంత్రం రాస్తాను.

అక్షరకోశం | శనివారం, ఉదయం 9:26

నడక లిస్టు సంగతి నేను చెప్పగలను, ఇదే నాకూ జరిగింది. ఫైలు మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్లు ఉంటాయి, బీఓఎం అంటారు. ఇది యూటీఎఫ్-8 ఫైలు అని చెప్పే గుర్తు. ఆ గుర్తు తెలియని ప్లేయర్ ఆ మూడు బైట్లనీ మొదటి వరుసలో భాగంగా చదువుతుంది. అప్పుడు ఆ వరుసలోని పాత్ తప్పు పాత్ అవుతుంది, పాట దొరకదు. పైన #ఎక్స్‌టీఎం3యూ ఉన్న ఫైళ్ళలో ఆ దెబ్బ ఆ వరుస మీద పడి పాటలకేమీ కాదు. మీ నడక లిస్టులో మొదటి వరుసే పాట కాబట్టి సరిగ్గా ఒక్కటి తగ్గింది. పోయింది మొదటి పాటేనా?

విండోస్ నోట్‌ప్యాడ్ చాలాకాలం యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యమంటే బీఓఎం తగిలించే సేవ్ చేసేది. 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచే బీఓఎం లేని యూటీఎఫ్-8 దాని మామూలు పద్ధతి అయింది. పాత కంప్యూటర్లో చేసిన లిస్టుల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

ఇంకొక్క మాట, తెలుగు పేర్లున్నవాళ్ళందరికీ. నోట్‌ప్యాడ్‌లో "ఆన్సి" అని ఉండే ఎన్‌కోడింగ్ ఎప్పుడూ ఎంచుకోవద్దు. అందులో తెలుగుకి చోటే లేదు. సేవ్ నొక్కగానే ప్రతి తెలుగు అక్షరమూ ప్రశ్నార్థకం అయిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. పేర్లు విచిత్రమైన ఐరోపా అక్షరాల్లా కనబడితే కంగారు పడక్కర్లేదు, అవి చెడిపోలేదు, వేరే ఎన్‌కోడింగ్‌లో తెరిచారంతే. ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం పోయినట్టే.

స్వరపేటిక | శనివారం, మధ్యాహ్నం 12:48

@అక్షరకోశం గారూ, అవును, పోయింది మొదటి పాటే! పైన #ఎక్స్‌టీఎం3యూ వరుస చేర్చి, బీఓఎం లేకుండా సేవ్ చేశాను. 31 వచ్చాయి.

@కొలిమి గారూ, మీరు చెప్పినట్టే ముందు ఒక్కదాంట్లో మార్చి చూశాను, పాటలు వచ్చాయి. తర్వాత మిగతా 37 మార్చాను. అన్నీ తిరిగొచ్చాయి. ఇప్పుడు నాన్న లిస్టు ఒక్కటే మిగిలింది. ఇంకా 107 దగ్గరే ఉంది. బీఓఎం లేదు, డ్రైవ్ అక్షరం లేదు, పైన #ఎక్స్‌టీఎం3యూ ఉంది.

గాలిపటం_88 | శనివారం, మధ్యాహ్నం 1:15

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర పాత కంప్యూటర్ నుంచి వచ్చిన పీఎల్‌ఎస్, డబ్ల్యూపీఎల్ లిస్టులు చాలా ఉన్నాయి. ప్లేయర్ వాటిని అసలు చూపించట్లేదు. అప్‌డేట్ వేస్తే వస్తాయా?

బోల్టు_నట్టు | శనివారం, మధ్యాహ్నం 2:02

@గాలిపటం_88, వాటికోసం అప్‌డేట్ ఎదురుచూడొద్దు, మార్చేసుకోండి. పీఎల్‌ఎస్ కూడా టెక్స్టే: ఫైల్1= అని పాత్, టైటిల్1= అని పేరు, లెంగ్త్1= అని సెకన్లు ఉంటాయి. డబ్ల్యూపీఎల్ విండోస్ మీడియా ప్లేయర్‌ది, లోపల ఎక్స్‌ఎంఎల్ (ట్యాగుల మధ్య రాసే టెక్స్ట్). ఎక్స్‌ఎస్‌పీఎఫ్ అనే ఇంకో రకం లిస్టు కూడా ఎక్స్‌ఎంఎలే. చిన్న ప్లేయర్లు ఎక్స్‌ఎంఎల్ చదివే బరువు పెట్టుకోవు, వరుస తర్వాత వరుస చదవగలిగే ఎం3యూతో సరిపెట్టుకుంటాయి. మీ లిస్టుని దాన్ని చదవగలిగే ప్రోగ్రాంలో తెరిచి ఎం3యూ8గా సేవ్ చేస్తే అయిపోతుంది. వీఎల్‌సీలో పీఎల్‌ఎస్ తెరుచుకుంటుంది.

చిక్కంతా ఐపాడ్ లాంటివాటితోనే. అందులో ప్లేలిస్టులు విడి ఫైళ్ళుగా ఉండవు, ఐట్యూన్స్‌డీబీ అనే ఒక్క బైనరీ ఫైల్లో ఉంటాయి. పాటల పేర్లు కూడా నాలుగక్షరాల అర్థంలేని పేర్లుగా మారిపోయి ఎఫ్00, ఎఫ్01 లాంటి ఫోల్డర్లలో సర్దుకుంటాయి. మీడియా ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో కలిసే ప్లేయర్లలోనూ లిస్టు అంటే పాటల గుర్తింపు అంకెల వరుసే, మనం తెరిచి చదివే ఫైలు కాదు. అలాంటి ప్లేయర్ పూర్తిగా చెరిపి అప్‌డేట్ చేస్తే మన లిస్టు దాంతోనే పోతుంది. నాకు ఒకసారి 60 లిస్టులు అలా పోయాయి. పాటలు మళ్ళీ ఎక్కించుకున్నాను, వరుస మాత్రం ఎవరిచ్చినా రాదు. అప్పటినుంచి ప్రతి లిస్టుకీ టెక్స్ట్ కాపీ కంప్యూటర్‌లో ఉంచుతున్నాను.

రేడియోగది | శనివారం, మధ్యాహ్నం 3:30

స్వరపేటిక గారూ, రాక్‌బాక్స్ వేసి చూడకూడదా? 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలుపెట్టిన స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ అది, చాలా పాత ప్లేయర్లకు ఇప్పటికీ ప్రాణం పోస్తోంది. నేను కంపెనీ అప్‌డేట్లు వెయ్యనన్నాను కానీ నా పాత ప్లేయర్‌లో ఉన్నది ఇదే.

చిప్పుల_చిన్ని | శనివారం, సాయంత్రం 4:11

రాక్‌బాక్స్ నాకూ ఇష్టమే. కానీ అది ఆ మోడల్ కోసం ప్రత్యేకంగా తయారై ఉండాలి, ఏ ప్లేయర్‌లో పడితే ఆ ప్లేయర్‌లో వెయ్యలేం. పేరు ఒకటే ఉన్నా లోపల చిప్ వేరు కావచ్చు. సాన్సా ఫ్యూజ్‌నే తీసుకోండి, బయటికి ఒకేలా ఉండి వి1, వి2 అని రెండు రకాలు. ఫర్మ్‌వేర్ వెర్షన్ 01తో మొదలైతే మొదటిది, 02తో మొదలైతే రెండోది. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు.

అప్‌డేట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెబుతాను. ఒకావిడ "ఫైలు కార్డులో పెట్టినా ప్లేయర్ అప్‌డేట్ కనపడలేదంటోంది" అని రెండు రోజులు అవస్థపడ్డారు. ఫైలు పేరు చివర బ్రాకెట్లలో 1 ఉంది. డౌన్‌లోడ్ రెండుసార్లు నొక్కితే బ్రౌజర్ తగిలించేది అది. ప్లేయర్ వెతికేది ఒక్కటే పేరు, ఒక్క అక్షరం తేడా ఉన్నా చూడదు. జిప్ విప్పకుండా పెట్టేవాళ్ళూ ఉంటారు. బ్యాటరీ సగానికి పైగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మధ్యలో ఆరిపోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

కొలిమి | శనివారం, సాయంత్రం 6:45

నాన్నగారి లిస్టుకి వద్దాం. @స్వరపేటిక గారూ, తగ్గిన పదకొండింటి పేర్లు వరుసగా రాయండి. ఫోల్డరులోంచి నేరుగా నొక్కితే అవి మోగుతున్నాయా?

స్వరపేటిక | శనివారం, రాత్రి 8:20

మోగుతున్నాయి. ఫైళ్ళన్నీ ఉన్నాయి. పదకొండూ ఇవి: భైరవి 1, 2, 3. ఆనందభైరవి 1, 2, 3. సింధుభైరవి 1, 2. నఠభైరవి. కైకవశి. సైంధవి.

గాలిపటం_88 | శనివారం, రాత్రి 8:34

దాదాపు అన్నీ భైరవులే! పేరు మరీ పొడవైందేమో? తెలుగు ఒక్కో కోడుకి (హల్లు, పొల్లు, గుణింతం గుర్తు అన్నీ విడి కోడ్లే) యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయని విన్నాను. "స్త్రీ" ఒక్క అక్షరంలా కనిపించినా లోపల ఆరు కోడ్లు, పద్దెనిమిది బైట్లు.

కొలిమి | శనివారం, రాత్రి 8:52

మంచి ఆలోచనే. పాత్ మొత్తానికి 260 బైట్లే కేటాయించే ఫర్మ్‌వేర్‌లో తెలుగు కోడ్లు 86 దాటితే పాట దొరకదు. కానీ ఇక్కడ "భైరవి 1" కన్నా "మాయామాళవగౌళ" పొడుగు, అది ఆ లిస్టులో ఉంటే మోగుతూనే ఉండాలి. ఉందా?

స్వరపేటిక | శనివారం, రాత్రి 8:55

ఉంది. మోగుతోంది.

అక్షరకోశం | శనివారం, రాత్రి 9:40

పదకొండు పేర్లూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూశాను. భైరవి, కైకవశి, సైంధవి. అన్నిటిలో ఉన్నది ఐత్వం. ై.

స్వరపేటిక గారూ, ఒక్క ప్రశ్న. కొత్త కార్డులోకి ఆ ఆలాపనల ఫైళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మధ్యలో ఎక్కడైనా మ్యాక్ ఉందా?

స్వరపేటిక | శనివారం, రాత్రి 9:58

ఉంది! నా పాత హార్డ్‌డిస్క్ పోయింది. మా తమ్ముడి దగ్గర పాత మ్యాక్‌లో ఆలాపనల కాపీ ఉంటే జిప్ చేసి పంపమన్నాను. నా విండోస్ కంప్యూటర్‌లో విప్పి కార్డులోకి ఎక్కించాను. ప్లేలిస్టు మాత్రం నా దగ్గర మొదటినుంచీ ఉన్నదే.

అక్షరకోశం | శనివారం, రాత్రి 10:36

అయితే ఇందులో ఫర్మ్‌వేర్ తప్పేమీ లేదు. కార్డూ అప్‌డేటూ ఒకేసారి మారడంతో నింద అప్‌డేట్ మీద పడింది.

ప్రతి అక్షరానికీ ఒక కోడు ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే కోడుగా "ై" అని, లేదా ఎత్వం "ె" పెట్టి దాని కిందికి వచ్చే వంపుని ఇంకో కోడుగా చేర్చి. తెర మీద రెండూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. లోపల మొదటిది మూడు బైట్లు, రెండోది ఆరు. మనం కీబోర్డు మీద కొట్టేది మొదటి రకం. పాత మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్+ ఫైల్ పద్ధతి మాత్రం ఫైలు పేర్లలో ఇలాంటి అక్షరాలన్నిటినీ విడదీసి దాచుకుంటుంది. అక్కడ జిప్ చేస్తే విడిపోయిన పేరే జిప్‌లోకి వెళ్తుంది, విండోస్‌లో విప్పితే అలాగే బయటికి వస్తుంది. కొరియన్, జపనీస్ వాళ్ళకి ఇది చాలా పాత తలనొప్పి, మ్యాక్ నుంచి వచ్చిన జిప్‌లలో వాళ్ళ అక్షరాలు ముక్కలై కనిపిస్తాయి. మన తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. ఔత్వం విడిపోదు, అందుకే మీ మాయామాళవగౌళ బతికిపోయింది. పక్కనే ఉన్న కన్నడంలో అయితే ఓత్వం కూడా విడిపోతుంది.

మీ ప్లేలిస్టులో "భైరవి" కలిసి ఉంది. కార్డులో ఫైలు పేరు విడిపోయి ఉంది. ప్లేయర్ బైట్లు పోల్చి చూస్తుంది, రెండూ ఒకటి కావు, దొరకలేదంటుంది. ఫోల్డరులోంచి నొక్కితే పేరు పోల్చే పనే లేదు కాబట్టి మోగుతోంది.

నా మాట నమ్మే ముందు ఒక పరీక్ష చెయ్యండి. కార్డుని కంప్యూటర్‌లో పెట్టి "భైరవి 1" ఫైలు మీద ఎఫ్2 నొక్కండి. కర్సర్‌ని "భై" తర్వాత పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టండి. "భ" మిగిలితే నేను చెప్పింది తప్పు. "భె" మిగిలితే అదే.

స్వరపేటిక | శనివారం, రాత్రి 10:51

"భె" మిగిలింది.

అండీ, ఒళ్ళు ఝల్లుమంది. కింద వంపు ఒక్కటే పోయింది, పైన ఎత్వం అలాగే నిలబడి ఉంది. ప్లేలిస్టు నోట్‌ప్యాడ్‌లో తెరిచి అదే చోట కొడితే ఒక్క దెబ్బకి "భ" అయింది. రెండూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా తేడా కనిపించదు!

కొలిమి | శనివారం, రాత్రి 11:08

@అక్షరకోశం గారూ, నమస్కారం మీకు. నేను ఇంకో వారం పాత్‌లలోనే వెతుకుతూ ఉండేవాణ్ణి. పైన "మెరుగుపరచబడింది" గురించి నేనన్నది 38 లిస్టుల వరకే సరి, నాన్నగారి లిస్టుకి అది అంటదు.

స్వరపేటిక గారూ, పదకొండే కాబట్టి చేత్తో మార్చెయ్యండి. బ్యాక్‌స్పేస్ ఇంకోసారి కొట్టి "భ" దాకా వచ్చి, ఐత్వం మళ్ళీ టైప్ చెయ్యండి. ప్లేలిస్టుని ముట్టుకోవద్దు, అది సరిగ్గానే ఉంది. ఆ ఫోల్డరు పేరులో ఐత్వం లేదు కాబట్టి దానితో పని లేదు.

వందల ఫైళ్ళు ఉన్నవాళ్ళకి: లినక్స్‌లో కన్వ్‌ఎంవీ అనే చిన్న పనిముట్టు ఉంది, ఎన్‌ఎఫ్‌సీ అనే రూపంలోకి మార్చమని చెబితే ఫోల్డర్లన్నీ తిరిగి విడిపోయిన అక్షరాల్ని కలిపేస్తుంది. పైథాన్ వచ్చినవాళ్ళు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో ఇదే పని పది వరుసల్లో చేసుకోవచ్చు. ఏది వాడినా ముందు ఫైళ్ళ కాపీ మీద చేసి చూడండి.

చిప్పుల_చిన్ని | శనివారం, రాత్రి 11:30

నా లైబ్రరీలో "చైత్రం" అనే ఫోల్డరు మొత్తం ఏ లిస్టులోనూ మోగదు. మూడేళ్ళుగా ఆ ఫోల్డరు పాడైందనుకుంటూ వచ్చాను. ఇప్పుడే బ్యాక్‌స్పేస్ కొట్టి చూశాను. "చె" మిగిలింది.

గాలిపటం_88 | ఆదివారం, ఉదయం 9:12

పీఎల్‌ఎస్‌లన్నీ మార్చేశాను, ప్లేయర్‌లో కనిపిస్తున్నాయి. బోల్టు గారికి ధన్యవాదాలు. ఇంకోటి అడగొచ్చా? ఒకే పెద్ద ఫ్లాక్ ఫైలూ దానితో ఒక క్యూ ఫైలూ ఉన్నాయి. క్యూని ప్లేలిస్టులో పెట్టొచ్చా?

బోల్టు_నట్టు | ఆదివారం, ఉదయం 10:05

క్యూ పాటల చిట్టా కాదు. ఒకే ఫైల్లో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే కొలతల చీటీ. నిమిషం, సెకను, సెకనులో 75వ వంతు లెక్కలో ఉంటుంది. కొన్ని ఫర్మ్‌వేర్లు చదువుతాయి. అవి కూడా ప్లేలిస్టు లోపల పెడితే పట్టించుకుంటాయని నమ్మకం లేదు. ఫ్లాక్ కాబట్టి నాణ్యత తగ్గకుండా ముక్కలు చెయ్యొచ్చు, విడి ఫైళ్ళు చేసుకోండి.

స్వరపేటిక | ఆదివారం, రాత్రి 10:40

పదకొండూ మార్చాను. లైబ్రరీ స్కాన్ మళ్ళీ చేయించి లిస్టు తెరిచాను. 118.

నాన్నకి ఏమీ చెప్పకుండా ప్లేయర్ చేతికిచ్చాను. హిందోళం విన్నారు, మోహన విన్నారు, బటన్ నొక్కారు. భైరవి మొదలైంది. ఏమీ అనలేదు, తల కొంచెం వెనక్కి వాల్చుకున్నారు.

గంట తర్వాత పిలిచి, "ఇక్కడ రెండు తారుమారయ్యాయి, కానడ ముందు రావాలి, తర్వాత ఇది" అన్నారు. అది అప్‌డేట్‌కి ముందునుంచీ ఉన్న తప్పేనట, ఎప్పుడూ చెప్పలేదు. కంప్యూటర్‌లో లిస్టు తెరిచి 63వ పాట వరుసని కత్తిరించి 64 కింద పెట్టాను. సేవ్ చేసి, దాని కాపీ ఒకటి తమ్ముడికి కూడా పంపాను.